ఎంపీసీ తర్వాత యాక్చువరీనా, బీఫార్మసీనా?

తమ్ముడూ, నాన్నగారు బీఫార్మసీలో చేరమంటున్నారు, నీ మనసేమో యాక్చువరీ (బీమా కంపెనీల్లాంటి చోట ముందున్న నష్టాలను లెక్కగట్టే వృత్తి) మీద ఉంది, జీతం ఎందులో ఎక్కువని అడిగావు. పైకి వెళ్లాక యాక్చువరీదే ఎక్కువ, అందులో సందేహం లేదు. అక్కడిదాకా చేరడమే కష్టం.

ముందు ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష పాసవ్వాలి. తర్వాత ఫెలో, అంటే పూర్తి అర్హత ఉన్న యాక్చువరీ, అయ్యేదాకా 13 పేపర్లు. మా అన్నయ్య ఉద్యోగం చేస్తూ ఒక్క పేపరే మూడుసార్లు రాశాడు. పెళ్లిచూపులకు బయల్దేరిన రోజు కూడా కారులో ఫార్ములాల కాగితం చేతిలోనే ఉంది. అయితే పేపరు పాసైన ప్రతిసారీ జీతం పెరిగింది. ఒకటి రెండు పేపర్లయినా చేతిలో లేకపోతే మొదటి ఉద్యోగం దొరకడం కష్టమని మాత్రం గుర్తుపెట్టుకో.

బీఫార్మసీ నాలుగేళ్లు. మెడికల్ షాపు కౌంటర్ దగ్గరే ఆగిపోతే జీతం పెద్దగా కదలదు. జీప్యాట్ (ఫార్మసీ పీజీకి జాతీయ స్థాయి పరీక్ష), ఆపై నైపర్ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ నైపర్ లాంటి కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థలో పీజీ చేస్తే, మందుల కంపెనీల్లో క్వాలిటీ, రెగ్యులేటరీ (మందుల అనుమతులు చూసే) విభాగాల దారి తెరుచుకుంటుంది. నాన్నగారి మాట తీసిపారేసేది కాదు.

నువ్వు ఈ వారమే ఇంటర్ టూఏ లెక్కల పుస్తకం తీసి సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశుల లెక్కలు మళ్లీ చెయ్యి, యాక్చువరీకి పునాది అవే. టైమ్ తెలియకుండా గడిచిపోతే బీఎస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరి ఏసెట్ రాయి. యాక్చువరీ కుదరకపోయినా ఆ డిగ్రీతో డేటా ఉద్యోగాలకు వెళ్లొచ్చు. రెండో రోజుకే విసుగొస్తే, జీతం చూసి మాత్రం యాక్చువరీ వైపు వెళ్లకు.