క్యాన్సర్ ట్రయల్‌లో చేరితే ఉత్తుత్తి మందు ఇచ్చి వదిలేస్తారా?

లేదు, వేరే భాగాలకు పాకిన క్యాన్సర్‌కు పనిచేసే వైద్యం ఉంటే, ట్రయల్ (కొత్త మందు పరీక్ష) పేరుతో దాన్ని ఆపేసి ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసుతో, సరిపెట్టడం సాధారణంగా జరగదు. అది అన్యాయం, పైగా తేలాల్సింది కొత్త మందు ఇప్పుడున్న మందు కంటే మెరుగా కాదా అన్నదే.

రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకినవారిపై డెనోసుమాబ్ అనే ఎముకలను కాపాడే మందును పరీక్షించినప్పుడు, 4 వారాలకోసారి అందరికీ చర్మం కింద ఒక ఇంజెక్షన్, నరంలోకి ఒక డ్రిప్ ఇచ్చారు. కొందరికి ఇంజెక్షన్‌లో డెనోసుమాబ్, డ్రిప్‌లో ప్లాసిబో. మిగతావారికి డ్రిప్‌లో అప్పటికే ఇందుకు వాడుతున్న జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు, ఇంజెక్షన్‌లో ప్లాసిబో. ఎవరికి ఏది అందుతోందో తెలియకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

ప్లాసిబో అన్న మాట కనబడగానే వైద్యమే ఉండదనుకోవడం పొరపాటు. నిరూపితమైన మందేదీ లేనప్పుడు మాత్రం ఒక గ్రూపుకు ప్లాసిబో ఒక్కటే ఇవ్వొచ్చు. అప్పుడు కూడా నొప్పి తగ్గించే వైద్యం ఆగదు. ప్లాసిబో ఇస్తారా లేదా అన్న సంగతి సమ్మతి పత్రంలో ఉంటుంది, సంతకానికి ముందే అడగండి.