జోకు వేసేది నీ పాత్రా, నువ్వా?

తమ్ముడూ,

నీ సూపర్‌హీరో స్క్రిప్ట్ మొత్తం చదివా. ముందే చెప్పేస్తున్నా, నీకు కామెడీ వచ్చు, టైమింగ్ ఉంది, కొన్ని చోట్ల పైకే నవ్వేశా, అది అందరికీ వచ్చే పని కాదు. కానీ నువ్వు దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేస్తున్నావ్. హీరోకి అన్నీ నేర్పిన మాస్టారు చచ్చిపోయాడు, బాడీ ఇంకా అక్కడే ఉంది, పక్కనున్న ఫ్రెండ్ "అయితే రేపు క్లాస్ లేనట్టేనా" అంటాడు. విడిగా చూస్తే జోకు బానే ఉంది. అయితే ఆ మాస్టార్ని మనకి దగ్గర చెయ్యడానికి నువ్వు అంతకుముందు పడ్డ కష్టమంతా ఆ ఒక్క లైన్‌తో పోయింది. విలన్ ఒకసారి చంపితే నువ్వు రెండోసారి చంపావ్.

ఇది నీ ఒక్కడికే ఉన్న జబ్బు కాదులే. నువ్వు చూస్తూ పెరిగిన సినిమాలే అలా ఉన్నాయి. 2008లో ఐరన్ మ్యాన్ తీసినప్పుడు స్క్రిప్ట్ పూర్తిగా రెడీ కాకుండానే షూటింగ్ మొదలైంది, డైరెక్టర్ జాన్ ఫావ్రో, రాబర్ట్ డౌనీ జూనియర్ కలిసి చాలా డైలాగులు సెట్‌లోనే తేల్చుకున్నారు. అది బ్రహ్మాండంగా పండింది, ఎందుకంటే అందులో డౌనీ వేసిన హీరో టోనీ స్టార్క్ ఆయుధాలు అమ్ముకునే మనిషి, ఎవర్నీ లోపలికి రానివ్వడు, ఎవరైనా దగ్గరికి వస్తున్నారంటే చాలు ఒక జోకు విసిరి దూరం పెడతాడు. ఇనప సూట్ కంటే ముందు నుంచీ అతను తొడుక్కుని తిరుగుతున్నది అదే. తర్వాత 2012లో టోనీ లాంటి హీరోలంతా కలిసి కనబడ్డ అవెంజర్స్ వసూళ్ళు వంద కోట్ల డాలర్లు దాటి పోయేసరికి అందరూ దాన్నుంచి నేర్చుకున్నది ఏంటి? టోనీ మాట్లాడినట్టే అందరూ మాట్లాడాలని. సైంటిస్టూ అలాగే, దేవుడూ అలాగే, డాక్టరూ అలాగే, స్కూలు పిల్లాడూ అలాగే. నీ స్క్రిప్ట్‌లో ఏదో ఒక పేజీ తీసి పేర్లు చేత్తో మూసి చదువు, ఏ డైలాగ్ ఎవరిదో చెప్పగలవా? నేను చెప్పలేకపోయా.

జోకులు వద్దని కాదు నా ఉద్దేశం, సీరియస్‌గా రాస్తే గొప్ప అనుకునే బ్యాచ్ కాదు నేను, వర్షంలో మొహం మాడ్చుకుని నిలబడే హీరోలంటే నాకూ విసుగే. 2018లో వచ్చిన ఇన్ఫినిటీ వార్‌లో దేవుడైన థోర్, అతని పక్కనున్న రాకెట్ కూర్చుని మాట్లాడుకునే సీన్ మళ్ళీ చూడు. తమ్ముడు పోయాడు, నాన్న పోయాడు, అమ్మ పోయింది, ప్రాణ స్నేహితుడు పోయాడు అని థోర్ నవ్వుతూనే లెక్క చెప్తుంటాడు, కళ్ళలో మాత్రం నీళ్ళు. ఎదురుగా ఉన్న రాకెట్ ఏమో మాట్లాడే రకూన్, ఓ చిన్న అడవి జంతువు, సీన్ మొత్తం నవ్వులాటే, అయినా మనకి గుండె బరువెక్కుద్ది. అక్కడ నవ్వు థోర్‌ది, రైటర్‌ది కాదు. ఏడిస్తే కూలబడిపోతానని నవ్వుతున్నాడు వాడు.

అదే థోర్ ఏడాది ముందు వచ్చిన రాగ్నరాక్ సినిమాలో కళ్ళ ముందే తన లోకం అస్‌గార్డ్ కాలిపోతుంటే చూస్తాడు. పక్కన కోర్గ్ అనే రాతి మనిషి పునాదులు గట్టిగానే ఉన్నాయిలే, మళ్ళీ కట్టుకోవచ్చు అంటాడు, అనగానే అవీ పేలిపోతాయి, అయ్యో పోయాయి, సారీ అంటాడు. నేనూ నవ్వా, అబద్ధం ఎందుకు. డైరెక్టర్ తైకా వైటిటి స్టైలే అది, కోర్గ్ గొంతు కూడా ఆయనదే. కానీ ఒక జాతి మొత్తానికి ఊరూ ఇల్లూ లేకుండా పోయిన క్షణం అది, మనకి దాంట్లో నిలబడ్డానికి టైమే ఇవ్వలేదు. 2022లో లవ్ అండ్ థండర్‌కి వచ్చేసరికి ఇది ముదిరిపోయింది, ఒక పక్క థోర్ ప్రేమించిన జేన్‌కి క్యాన్సర్, ఇంకో పక్క కూతుర్ని పోగొట్టుకుని దేవుళ్ళని చంపుకుంటూ తిరిగే తండ్రిగా క్రిస్టియన్ బేల్, మధ్యలో అరిచే మేకలు. పాపం బేల్ వేరే సినిమాలో ఉన్నట్టు యాక్ట్ చేస్తుంటాడు.

స్టూడియోలకి వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. రిలీజ్‌కి ముందు జనానికి వేసి చూసుకునే టెస్ట్ స్క్రీనింగ్‌లో నవ్వు బయటికి వినబడుద్ది, గొంతులో అడ్డుపడ్డ ఏడుపు ఎవరికీ వినబడదు, అందుకే ఎడిటింగ్‌లో జోకే గెలుస్తుంది. పైగా మొహానికి మాస్క్ ఉంటే షూటింగ్ అయ్యాక కూడా డబ్బింగ్‌లో ఇంకో పంచ్ దూర్చొచ్చు, పెదాలు కనబడవుగా. అర్జెంటీనా డైరెక్టర్ లుక్రేసియా మార్టెల్‌ని ఈ సినిమాలు తీసే మార్వెల్ వాళ్ళు బ్లాక్ విడో సినిమా కోసం పిలిచినప్పుడు యాక్షన్ సీన్ల గురించి మీరు దిగులు పడకండి, అవి మేం చూసుకుంటాం అన్నారని ఆవిడే చెప్పింది. అలా ముక్కలు ముక్కలుగా తయారైనదాన్ని అతికించడానికి జోకులు పనికొస్తాయేమో. నీకేం బలవంతం? నీ ముందున్నది తెల్ల కాగితం, ఎవడూ అడగని గమ్ పూసి ఎందుకు రాస్తున్నావ్?

ఇక ఫార్ములా సంగతి. నీ క్లైమాక్స్‌లో విలన్‌కి కూడా హీరో పవరే ఉంది, కాస్త పెద్ద సైజులో. ఐరన్ మ్యాన్‌లో పెద్ద సూట్, 2015లో యాంట్ మ్యాన్‌లో ఎల్లోజాకెట్ అనే అలాంటి సూటే, 2018లో బ్లాక్ పాంథర్‌లో ఇంకో పాంథర్, ఇది ఎన్నిసార్లు చూడలేదు మనం. కానీ ఆ మూడింట్లో చివరిది వేరు, ఫైట్ వల్ల కాదు, నిజం చెప్పాలంటే ఫైట్ అంత గొప్పగా లేదు. మన నల్లవాళ్ళు బయట నలిగిపోతుంటే ఇంత సంపద, ఇంత టెక్నాలజీ పెట్టుకుని మన ఆఫ్రికా రాజ్యం వకాండా ఎందుకు దాక్కుంది అని విలన్ కిల్‌మాంగర్ అడుగుతాడు. హీరో, వకాండా రాజు టచల్లా దగ్గర దానికి జవాబు లేదు. కొట్లాటలో గెలుస్తాడు కానీ వాదనలో ఓడిపోతాడు, ఆఖరికి వకాండా తలుపులు లోకానికి తెరిచేది అందుకే. చావబోయే ముందు కిల్‌మాంగర్ మాటల మీద ఎవడూ పంచ్ వెయ్యడు, గమనించావా. అంటే సీన్ల వరస పాతదైనా కొంప మునగదు, ఆ సీన్లు అయ్యాక హీరో మునుపటిలా ఉండలేకపోవాలి. నీ హీరో మాస్టారు పోకముందు ఎలా ఉన్నాడో పోయాకా అలాగే ఉన్నాడు. జోకు పని, ఫార్ములా పని ఒకటే ఇక్కడ, ఏం కాదులే కూర్చో, ఎవరికీ ఏం పోదు అని ప్రేక్షకుడికి ముందే హామీ ఇచ్చేయడం.

పాతది ఒకటి చూడు, 2004 స్పైడర్ మ్యాన్ 2. హీరో పవర్స్ పోయి లిఫ్ట్‌లో దిగుతూ పక్కనోడితో సూట్ దురద పెడుతుందని చెప్పుకుంటాడు, కడుపుబ్బా నవ్వొస్తుంది. అదే సినిమాలో రైలు ఆపి స్పృహ తప్పి పడిపోతే, మాస్క్ లేని మొహం చూసి జనం వీడు కుర్రాడే కదా అనుకుంటారు. అక్కడ ఒక్క జోకు వెయ్ చూద్దాం.

కాబట్టి ఆ చావు సీన్ మళ్ళీ రాయి. ఫ్రెండ్ ఏదో వాగకుండా ఉండలేని మనిషైతే వాగనీ, కానీ ఆ మాటకి హీరో వాణ్ని కొట్టనీ, లేదా ఆ మాట అన్నందుకు వాడే సిగ్గుపడనీ, తర్వాత పదిహేను పేజీలు ఇద్దరి మధ్యా మాటల్లేకుండా పోనీ. అప్పుడు జోకు ఉంచుకో, నాకేం అభ్యంతరం లేదు. విలన్‌కి ఒక న్యాయమైన కోపం వెతుకు, హీరో దగ్గర సమాధానం లేనిది. ఆకాశంలోకి పోయే ఆ నీలి వెలుగు స్తంభం తీసెయ్, దయచేసి. చివర్లో టైటిల్స్ తర్వాత మాస్టారు కళ్ళు తెరిచే సీన్ కూడా కొట్టెయ్, పార్ట్ టూ సంగతి పార్ట్ వన్ ఎవరైనా కొన్నాక చూసుకుందాం. మార్చాక పంపు, ఈసారి ఫైట్లు నాలుగు లైన్లలో రాసి పంపినా పర్లేదు, నేను మనుషుల కోసమే చదువుతా.

ఉంటా,
నీ అన్న