పదేళ్లు ఒకే కంపెనీలో ఉండాలా?

ప్రశ్న: మొదటి కంపెనీలో 6 ఏళ్ల 2 నెలలు, ఇప్పుడున్న చోట 3 ఏళ్ల 1 నెల చేశాను. మేనేజర్ అందరి ముందూ తిడుతున్నాడు, నిద్ర పట్టడం లేదు. మంచి జీతంతో వేరే ఆఫర్ వచ్చింది. పదేళ్లు నిండకుండా మానేస్తే పింఛను పోతుందని మా ఆవిడ అంటోంది. ఎలాగూ పోయేదే కదా, ఫారం 10సీ (పింఛను సొమ్ము వెనక్కి అడిగే దరఖాస్తు) పెట్టి డబ్బు తీసేసుకోమని మిత్రుడి సలహా. పాత పీఎఫ్ ఇంకా బదిలీ చేసుకోలేదు.

జవాబు: అసలు విషయం మీరు చివరి వాక్యంలో రాశారు. మేనేజర్ సంగతి పక్కన పెట్టండి.

1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం అడిగే పదేళ్లు ఒకే యజమాని దగ్గర ఉండనక్కర్లేదు, చందా పడిన సర్వీసంతా కలుస్తుంది. ఆరు నెలలు, అంతకు మించిన ముక్కను ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి 9 ఏళ్ల 6 నెలలు చాలు. మీకు తక్కువైంది మూడే నెలలు. జీతం లేని సెలవులుంటే అవి తీసేస్తారు, ఆ లెక్క మీరు రాయలేదు.

10సీతో డబ్బు మాత్రం తీసుకోవద్దు. తీసుకుంటే ఈ తొమ్మిదేళ్లూ చెరిగిపోతాయి. పైగా 2014 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరేవారికి బేసిక్, డీఏ కలిపి 15,000 దాటితే పథకంలో చోటు లేదు. పాత సభ్యత్వం ఉంటేనే మీరు కొనసాగుతారు. ఉద్యోగం చేతిలో ఉంచుకుని 10సీలో ఖాళీగా ఉన్నానని రాస్తే అది తప్పుడు ప్రకటన కూడా.

మూడేళ్లు బదిలీ చేసుకోకపోవడం చాలా అజాగ్రత్త. పాత కంపెనీ మూతపడితే తప్పుపడిన తేదీని సరిదిద్దే సంతకం ఎవరిస్తారు? ఈ వారమే ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరవండి. అక్కడ మానేసిన తేదీ, ఇక్కడ చేరిన తేదీ ఒకదానిమీద ఒకటి పడకూడదు. బదిలీ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పాత పింఛను డబ్బు కనపడదు, టెన్షన్ పడకండి. కలిసేది సర్వీసు, దానికి రుజువు అనెక్షర్ కె అనే బదిలీ వివరాల పత్రం. అది, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ జాగ్రత్త చేయండి. బదిలీ దరఖాస్తు తిరస్కరిస్తే ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది, కానీ వివాదం తలెత్తిన రెండేళ్లలోపే వెళ్లాలి.

కొత్త కంపెనీకి పీఎఫ్ ఉందా? ఉంటే ఇప్పుడే మారండి, చేరేటప్పుడు ఇచ్చే ఫారం 11లో పూర్వపు పింఛను సభ్యత్వం దగ్గర "అవును" అని రాసి నకలు ఉంచుకోండి. లేకపోతే ఆ మూడు నెలలూ ఇక్కడే ఓర్చుకుని, తర్వాత రాజీనామా ఇవ్వండి.