టీకా వేయించుకున్నా పాజిటివ్ ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు 27. రెండేళ్ల కిందట హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే వైరస్) టీకా, నాలుగు రకాలను అడ్డుకునేది, మూడు డోసులూ వేయించుకున్నాను. ఇప్పుడు హెచ్‌పీవీ పరీక్ష రిపోర్టులో ‘16, 18 నెగటివ్, ఇతర హైరిస్క్ పాజిటివ్’ అని వచ్చింది. మూడు నెలల్లో పెళ్లి. అబ్బాయికి చెప్పాలా?
– ఓ పాఠకురాలు

జవాబు: టీకా వృథా కాలేదమ్మా. అది హెచ్‌పీవీలో 6, 11, 16, 18 నంబర్ల రకాలను అడ్డుకుంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం 16, 18 వల్లే వస్తాయి. మీ రిపోర్టులో లేనివి అవే. మిగతా హైరిస్క్ (క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న) రకాలు ఇంకా డజను దాకా ఉన్నాయి. పైగా టీకాకు ముందే ఒంట్లో ఉన్న వైరస్‌ను టీకా తీసేయదు.

ముందు పాప్ పరీక్ష (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసేది) చేయించండి. బరంపురం వెళ్లినా, శ్రీకాకుళం వెళ్లినా పాత రిపోర్టు వెంట ఉండాలి. నెలసరి రోజుల్లో వద్దు. రెండు రోజుల ముందు నుంచి యోనిలో పెట్టే మందులు, క్రీములు ఆపండి. పాప్ నార్మల్ అయితే సాధారణంగా ఏడాదికి మళ్లీ పరీక్ష, తేడా ఉంటే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష). చాలామందిలో ఒకటి రెండేళ్లలో వైరస్ దానంతటదే పోతుంది.

చెప్పడమే మంచిదని మా అభిప్రాయం, అదీ పాప్ ఫలితం చేతికొచ్చాక. ‘ఇది చాలామందికి వచ్చిపోయే వైరస్. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. నేను పరీక్షలు చేయించుకుంటున్నాను’ అంటే చాలు. అతనికీ పరీక్ష చేయించాలని పట్టుబట్టకండి, మగవాళ్లకు మామూలుగా చేసే హెచ్‌పీవీ పరీక్ష లేదు. టీకా సంగతి మాత్రం అతను డాక్టర్ని అడగొచ్చు. కండోమ్ ముప్పు తగ్గిస్తుంది కానీ, అది కప్పని చర్మం నుంచీ వైరస్ సోకుతుంది.