సినిమాలు చూసేశాక ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ పుస్తకం చదవాలా?

మీరు మూడు సినిమాలూ లెక్కలేనన్నిసార్లు చూశారు, సంభాషణలు నోటికి వచ్చేశాయి. పుస్తకం మొదలుపెడితే నూరు పేజీలు దాటినా కథానాయకులైన హాబిట్‌లు అనే పొట్టి జాతివాళ్లు అడవిలోనే తిరుగుతున్నారని విసుగొచ్చి పక్కన పెట్టేశారు. కథ అంతా తెలిసిపోయాక అంత లావు పుస్తకంతో పనేమిటని అడిగారు.

చదవమనే చెబుతాను. అయితే సినిమాలో వదిలేసిన సన్నివేశాల కోసమే అయితే అక్కర్లేదు. ఆ జాబితాలు బోలెడు దొరుకుతాయి, పది నిమిషాల్లో చదివి ముగించవచ్చు. నన్ను ఆ పుస్తకానికి కట్టిపడేసింది కథ చెప్పిన తీరు. సినిమా మనకు అన్నీ చూపిస్తుంది. పుస్తకం రాసిన టోల్కీన్ మాత్రం సగం కథను మన దగ్గర దాచి, ఆ సగం కోసం మనల్ని అల్లాడిస్తాడు.

నేనూ సినిమాతోనే మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మొదటి భాగం చూశాను. ఆ ఊపులో ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య వెతికితే రెండో సంపుటం ‘ద టూ టవర్స్’ ఒక్కటే చేతికి చిక్కింది. మొదటి భాగం తెర మీద చూశాను కదా, ఇక్కడి నుంచి అందుకుందామని కొనేశాను. రెండో సినిమా ఇంకా రాలేదు. సౌరాన్ మాయా ఉంగరాన్ని నాశనం చేయడానికి హాబిట్‌లు ఫ్రోడో, శామ్ మిగతావాళ్లను విడిచి అతని దేశమైన మార్డార్ దారి పట్టారని తెలుసు, తర్వాత ఏమయ్యారో తెలియాలి. పుస్తకం తెరిస్తే వాళ్ల ఊసే లేదు. వాళ్ల సహచరులు ఆరగార్న్, లెగొలాస్, గిమ్లీ మైదానాల్లో పరుగులు తీస్తున్నారు. మిగతా ఇద్దరు హాబిట్‌లు మెర్రీ, పిప్పిన్ నడిచే చెట్టు మీదెక్కి ఊరేగుతున్నారు. హెల్మ్స్ డీప్ యుద్ధం ముగిసింది, ద్రోహి మాంత్రికుడు సారుమాన్ దండం ముక్కలైంది. ఫ్రోడో జాడ లేదు. పదకొండు అధ్యాయాలు గడిచాక పేజీ తిప్పితే ఫ్రోడో, శామ్ రాళ్ల గుట్టల మధ్య దారి తప్పి తిరుగుతున్నారు. అక్కడి నుంచి సంపుటం చివరిదాకా వాళ్లూ, ఉంగరం కోసం అల్లాడే గొల్లమ్ మాత్రమే, ఈసారి మిగతావాళ్ల కబురు లేదు.

సినిమాలో ఈ రెండు దారులనూ ముక్కలు చేసి కలిపి అల్లారు. తప్పదు మరి, ఉంగరం మోసేవాడు సినిమాలో సగంసేపు కనిపించకపోతే హాల్లో ఎవరు కూర్చుంటారు? మా అక్క కొడుక్కి పుస్తకం ఇచ్చినప్పుడు కూడా అంతే, ముందుకు పేజీలు తిప్పి ఫ్రోడో పేరు ఎక్కడ మొదలవుతుందా అని వెతకడం మొదలుపెట్టాడు. పుస్తకం లాక్కుని, వరసగా చదివితేనే మళ్లీ ఇస్తానన్నాను.

ఎందుకంత పట్టుదల అంటే, మూడో సంపుటంలో మార్డార్ నల్ల ద్వారం దగ్గరి ఘట్టం. రెండో సంపుటం చివరికి ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కాడు, ప్రాణాలతో ఉన్నాడన్నది తప్ప మనకు మరేమీ తెలియదు. తర్వాత వందల పేజీలు మనుషుల రాజ్యమైన గోండోర్ యుద్ధమే. చివరికి మాంత్రికుడు గాండాల్ఫ్, ఆరగార్న్ గుప్పెడు సైన్యంతో సౌరాన్ గుమ్మం ముందు నిలబడితే లోపలి నుంచి ఒక దూత వచ్చి మూట విప్పుతాడు: శామ్ మోసిన కత్తి, బూడిదరంగు పైవస్త్రం, ఫ్రోడో ఒంటి మీద ఉండాల్సిన మిథ్రిల్ కవచం. గాండాల్ఫ్‌కు ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు. అంతా అయిపోయిందని వాళ్లు అనుకుంటారు, మనమూ అనుకుంటాం. యుద్ధం మొదలై పిప్పిన్ ఒక రాక్షసుడి కింద పడి స్పృహ తప్పడంతో ఆ భాగం ముగుస్తుంది. ఆ తర్వాతే టోల్కీన్ మనల్ని కొన్ని రోజులు వెనక్కి, శామ్ దగ్గరికి తీసుకెళ్తాడు.

థియేటర్లలో వచ్చిన సినిమాలో ఆ దూతే లేడు. నిడివి పెంచి విడుదల చేసిన ఎక్స్‌టెండెడ్ ఎడిషన్‌లో ఉన్నాడు కానీ, అప్పటికే ఫ్రోడో, శామ్ తప్పించుకుని ఉంగరాన్ని నాశనం చేయాల్సిన కొండ వైపు వెళ్లడం చూసేశాం. దూత అబద్ధమాడుతున్నాడని మనకు తెలుసు, ఇక భయం ఎక్కడిది? పైగా ఆరగార్న్ అతని తల తెగనరుకుతాడు. దూతను చంపడమేమిటి! రావణుడి కొలువులో కూడా ఆ మాట చెప్పడానికి విభీషణుడు ఉన్నాడు. పుస్తకంలో దూత క్షేమంగానే వెనక్కి వెళ్తాడు.

ఇక మీరు ఆగిపోయిన చోటు. పాత అడవి, టామ్ బాంబడిల్ అనే వింత వ్యక్తి ఇల్లు, సమాధుల దిబ్బలు. చాలామంది అక్కడే ఆగిపోతారు, సినిమా తీసినవాళ్లూ ఆ భాగం మొత్తాన్ని ఎత్తేశారు. బాంబడిల్ పాటలు నాకూ విసుగే, రెండు చరణాలు చదివి మిగతావి దాటేస్తాను. కానీ ఆ ఇంట్లో ఒక చిన్న విషయం జరుగుతుంది. లోకమంతా వణికే ఉంగరాన్ని అతను వేలికి పెట్టుకుంటే మాయం కాడు. గాల్లోకి ఎగరేస్తే ఉంగరమే మాయమవుతుంది, మళ్లీ నవ్వుతూ ఫ్రోడో చేతిలో పెడతాడు. ఏమీ కోరుకోని వాడి మీద ఉంగరానికి అధికారం లేదు. మరి అతని దగ్గరే దాచవచ్చు కదా అన్న ప్రశ్న తర్వాత ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చే ఎల్‌రాండ్ సభలో వస్తుంది. అతను దాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోతాడని అక్కడ తేలుస్తారు.

సమాధుల దిబ్బల సంగతి ఇంకా ముఖ్యం. అక్కడి దెయ్యం బారి నుంచి బయటపడ్డాక బాంబడిల్ ఆ గుట్టలోని నిధి నుంచి నలుగురు హాబిట్‌లకూ తలా ఒక కత్తి ఇస్తాడు. అవి ఎప్పుడో ఉత్తరాది రాజ్యంవాళ్లు ఆంగ్‌మార్ మంత్రగాడి మీద యుద్ధానికి చేయించుకున్నవి. ఆ రాజ్యం నాశనమైంది, చేసినవాళ్లు మట్టిలో కలిశారు. మీరు ఏడెనిమిది వందల పేజీలు చదివాక, గోండోర్ రాజధాని మినాస్ తిరిత్ ముందు యుద్ధభూమిలో మెర్రీ వెనక నుంచి వెళ్లి, సౌరాన్ సేవకులైన నాజ్గుల్ అనే ప్రేతాల నాయకుడి మోకాలి దగ్గర పొడిచేది ఆ కత్తితోనే. ఆ నాయకుడే ఒకప్పటి ఆంగ్‌మార్ మంత్రగాడు! మరే కత్తి అయినా, ఎంత బలవంతుడు పట్టినా, వాడి మాయను తెంచగలిగేది కాదని టోల్కీన్ అక్కడ చెబుతాడు. సినిమాలో ఆ కత్తులకు ఈ చరిత్ర లేదు, వెదర్‌టాప్ కొండ దగ్గర ఆరగార్న్ తలా ఒకటి ఇచ్చేస్తాడు. దాంతో నాజ్గుల్ నాయకుడి చావులో మెర్రీ వంతు ఒక సాహసంగా మాత్రమే మిగిలింది. మీకు విసుగు పుట్టించిన ఆ పేజీల్లోనే ఆ చావుకు బీజం ఉంది.

అన్నట్టు, ఆ యుద్ధానికి ముందు ఘట్టం కూడా చూడండి. మినాస్ తిరిత్ ద్వారం బద్దలైంది, నాజ్గుల్ నాయకుడు లోపలికి వచ్చాడు, అందరూ పారిపోయారు, గాండాల్ఫ్ ఒక్కడే గుర్రం మీద ఎదురుగా నిలిచాడు. సరిగ్గా అప్పుడు నగరంలో ఏదో పెరట్లో ఒక కోడి కూస్తుంది. దానికి యుద్ధంతో పని లేదు, పైన ఎక్కడో తెల్లవారుతోంది, అంతే. ఆ కూతకు బదులా అన్నట్టు దూరంగా సాయానికి వచ్చిన రోహాన్ సైన్యం బూరలు మోగుతాయి. ఎక్స్‌టెండెడ్ ఎడిషన్‌లో ఇదే చోట నాజ్గుల్ నాయకుడు గాండాల్ఫ్ దండాన్ని పగలగొడతాడు. అభిమానులు ఇప్పటికీ దాని మీద కొట్టుకుంటూనే ఉన్నారు. నా మట్టుకు నాకు దండం విరిగినందుకు కోపం లేదు, కోడి పోయినందుకు మాత్రం ఉంది.

ఇంత చెప్పానని సినిమాలను తక్కువ చేస్తున్నాననుకోకండి. కొన్నిచోట్ల పుస్తకం కంటే సినిమాకే నా ఓటు. ఫ్రోడో సహచరుల్లో ఒకడైన బొరొమిర్ చివరి పోరాటం పుస్తకంలో మన కంటి ముందు జరగదు. రెండో సంపుటం తెరిచేసరికి అతను బాణాలు దిగి చెట్టుకు ఆనుకుని ఉంటాడు, నాలుగు మాటలు చెప్పి పోతాడు. సినిమాలో షాన్ బీన్ చేసిన ఆ ఘట్టం చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ. సాయం కోరే సంకేతంగా కొండ మీద నుంచి కొండ మీదికి మంటలు అంటుకునే దృశ్యం కూడా అంతే. పుస్తకంలో అది గాండాల్ఫ్‌తో గుర్రం మీద వెళ్తూ పిప్పిన్ నిద్రమత్తులో చూసే మంటలు, ఒకటి రెండు పేరాలు. హోవర్డ్ షోర్ సంగీతంతో దాన్ని ఎక్కడికి తీసుకెళ్లారో మీకు తెలుసు.

బొరొమిర్ తమ్ముడు ఫరామిర్ విషయంలో మాత్రం రాజీ పడలేను. పుస్తకంలో అతను ఆ ఉంగరం దారిలో పడి ఉన్నా తీసుకోనంటాడు, అలాగే ఫ్రోడోను పోనిస్తాడు. సినిమాలో ఫ్రోడోను బంధించి ఆస్‌గిలియాత్ నగరం దాకా లాక్కెళ్తాడు. అంతటి ఉంగరాన్ని ఒకడు అవలీలగా కాదంటే దాని శక్తి తేలిపోతుందని సినిమా రచయితలు కారణం చెప్పారు. షెలాబ్ అనే రాక్షస సాలీడు ఘట్టాన్ని మూడో సినిమాకు జరిపారు కాబట్టి రెండోదానికి ఏదో ఒక ముగింపూ కావాలి. కారణాలు అర్థమయ్యాయి, అయినా నచ్చలేదు.

ఆ సినిమాలు ఇంతకాలం నిలబడ్డాయంటే తీసినవాళ్లలో ఈ పుస్తకం మీద పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది ఉండబట్టే. పుస్తకానికి ఏళ్ల తరబడి బొమ్మలు వేసిన అలన్ లీ, జాన్ హోలనే దర్శకుడు పీటర్ జాక్సన్ న్యూజిలాండ్‌కు పిలిపించి కోటలూ ఊళ్లూ గీయించాడు. సారుమాన్ వేషం వేసిన క్రిస్టఫర్ లీ ఏటా ఒకసారి పుస్తకం చదివేవాడు, టోల్కీన్‌ను స్వయంగా కలిసినవాడు. 1999 అక్టోబరు నుంచి 2000 డిసెంబరు దాకా మూడు సినిమాలనూ కలిపి ఒకే షెడ్యూలుగా 274 రోజులు తీశారు. ప్లాస్టిక్ గొట్టాలను రింగులుగా కోసి, ఒక్కొక్కటీ చేత్తో కలుపుతూ గొలుసు కవచాలు అల్లారు. మన క్రికెట్ పిచ్చివాళ్లకు నచ్చే సంగతి ఒకటుంది. హెల్మ్స్ డీప్ దగ్గర ఉరుక్-హాయ్ అనే రాక్షస సైన్యం అరుపుల కోసం, 2002 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్ స్టేడియంలో న్యూజిలాండ్, ఇంగ్లండ్ వన్డే మధ్య విరామంలో జాక్సన్ మైదానంలోకి దిగి, దాదాపు 25,000 మంది ప్రేక్షకుల చేత రాక్షస భాషలో నినాదాలు చేయించి రికార్డు చేశాడు. మూడో సినిమా 11 ఆస్కార్ నామినేషన్లకు 11 గెలిచింది. అయినా టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ టోల్కీన్‌కు అవి నచ్చలేదు. పుస్తకం పేగులు తీసేసి కుర్రకారు కోసం పోరాటాల సినిమా చేశారని 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో అన్నాడు. ఆయన మాట కటువే కానీ, పుస్తకం చివరి భాగం చదివితే ఆయన బాధ ఎక్కడిదో తెలుస్తుంది.

సినిమాలో నలుగురు హాబిట్‌లు ఇంటికి వచ్చేసరికి ఊరు ఎలా వదిలారో అలాగే ఉంటుంది. పుస్తకంలో వాళ్లు తిరిగొచ్చేసరికి వాళ్ల సొంత ప్రాంతం షైర్ నాశనమై ఉంటుంది. చెట్లు కొట్టేశారు, పొగ చిమ్మే కొత్త మిల్లు కట్టారు, పండిన పంటను గుండాలు పంపకమనే పేరుతో ఎత్తుకుపోతున్నారు, ఎదురు మాట్లాడితే చెర. వీటన్నిటి వెనకా ఉన్నది అధికారం పోయిన సారుమాన్. గాండాల్ఫ్ తోడు రాడు, మీ ఊరి సంగతి మీరే చూసుకోండని దారిలోనే విడిపోతాడు. నలుగురూ ఊరిని లేపి పోరాడతారు, ఆ పోరులో 19 మంది హాబిట్‌లు చనిపోతారు. మహాయుద్ధంలో వేలమంది పడిపోయిన చోట కదలని మనసు ఈ 19 దగ్గర కదులుతుంది, ఎందుకంటే వీళ్లు ఇరుగుపొరుగువాళ్లు.

టోల్కీన్ మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో సోమ్ పోరాటంలో ఉన్నాడు. 1918 నాటికి ఒక్కరు తప్ప తన ఆప్తమిత్రులంతా పోయారని తర్వాత పుస్తకం ముందుమాటలో రాశాడు. తాను చిన్నప్పుడు పెరిగిన పల్లె తనకు పదేళ్లు రాకముందే పాడైపోవడం మొదలైందనీ అక్కడే చెప్పాడు. షైర్ విధ్వంసం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఇంగ్లండ్‌కు ప్రతీక అన్నవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు అది. ఫ్రోడో గెలిచి వచ్చినా కోలుకోకపోవడం సినిమాలోనూ ఉంది. కానీ పుస్తకంలో అక్టోబరు 6న, మార్చి 13న, గాయపడ్డ తేదీలు తిరిగొచ్చినప్పుడల్లా అతను జబ్బు పడుతుంటాడు, ఎవరికీ చెప్పడు. ఊళ్లో గొప్పవాళ్లయింది మెర్రీ, పిప్పిన్, శామ్. ఫ్రోడోను సొంత ఊరివాళ్లు పెద్దగా పట్టించుకోరు, దానికి శామ్ నొచ్చుకుంటాడు.

మళ్లీ మొదలుపెడితే హాబిట్‌ల పొగాకు గురించిన ఉపోద్ఘాతం దాటేయండి. పాటలు నచ్చకపోతే మొహమాటపడకుండా దాటేయండి. ‘ద హాబిట్’ ముందు చదవాలా అంటే, చదివితే మంచిదే, చిన్న పుస్తకం, తేలిగ్గా సాగుతుంది. దాన్ని మూడు సినిమాలుగా ఎందుకు సాగదీశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 1977లో వచ్చిన ‘సిల్మరిలియన్’ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. అది పురాణం చదివినట్టు ఉంటుంది, ఈ కథ మీద ప్రేమ పుట్టాకే రుచిస్తుంది.

మూడో సంపుటం చివరి అనుబంధాలు వంశవృక్షాలూ పంచాంగాలూ కాబట్టి తీరిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు. ఒక్క ఆరగార్న్, ఆర్వెన్ కథ మాత్రం వదలొద్దు, కొద్ది పేజీలే ఉంటుంది. రెండో సినిమాలో ఎల్‌రాండ్ తన కూతురు ఆర్వెన్‌కు చూపించే భవిష్యత్తు, భర్త పోయాక ఆమె ఒంటరిగా మిగిలే ఆ ఘట్టం, అక్కడి నుంచి తీసుకున్నదే. సినిమాలో అది ఒక తండ్రి హెచ్చరిక. అనుబంధంలో అది నిజంగానే జరుగుతుంది.