ఆవకాయ సీసా అడుగు కడిగెయ్యొద్దు

పాపా,

రాత్రిపూట సాలడ్ తింటున్నావని, దాని మీద పోసే డ్రెస్సింగ్ సీసాలకే బోలెడు డబ్బులవుతున్నాయని మీ అమ్మ చెప్పింది. సాలడ్ తినడం మంచిదే. ఆ సీసాలు మాత్రం ఇక కొనొద్దు. నూనె, పులుపు, అవి రెండూ విడిపోకుండా కలిపి ఉంచేది ఒకటి ఉంటే చాలు. ఈ మూడూ మన వంటింట్లో ఏదో ఒక గిన్నెలో మిగిలే ఉంటాయి.

అన్నిటికన్నా ముందు ఆవకాయ. ముక్కలన్నీ అయిపోయాక అడుగున ఎర్రటి నూనె, పిండి మిగులుతాయి చూడు, దాన్ని కడిగి పారబోయొద్దు. నూనెను, పులుపును పట్టి ఉంచేది ఆ ఆవపిండే. ఫ్రాన్సు వాళ్లు నూనె, వెనిగర్‌తో చేసుకునే తమ డ్రెస్సింగ్ వెనిగ్రెట్‌లో ఆవముద్ద కలిపేదీ ఇందుకే. రెండు చెంచాల అడుగు ఉంటే, అదే సీసాలో ఒక నిమ్మకాయ పిండు. చిన్న బెల్లం ముక్కను కాసిని గోరువెచ్చని నీళ్లలో కరిగించి పొయ్యి. మూడు చెంచాల చెనక్కాయల నూనె వేసి, మూత బిగించి బాగా కుదుపు. పలచటి గంజిలా చిక్కబడి, నూనె పైకి తేలకుండా ఉంటే కుదిరినట్టే. ఉప్పు వెయ్యొద్దు, ఊరగాయలో ఉన్నదే ఎక్కువ. రుచి చెంచాతో చూడకు, కీరా ముక్క ముంచి చూడు. ఉత్తగా నాకితే ఘాటనిపించేది ముక్కతో తింటే సరిపోతుంది.

సంగటిలోకి చేసిన చెనక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, మిగిలితే పెరుగుతో పలచన చేసి, నిమ్మరసం పిండు. క్యాబేజీ తురుముకు దానంత బాగా ఏదీ పట్టదు. కొబ్బరి చట్నీ జోలికి మాత్రం పోకు, తొందరగా పాడవుతుంది. ఎండాకాలంలో బెంగుళూరా మామిడి మెత్తబడిపోతే పారెయ్యక గుజ్జు తీసి, పచ్చిమిర్చి, ఉప్పు, చెంచాడు నూనె కలుపు.

ఆకులు కడిగాక గుడ్డ మీద ఆరనివ్వు. తడి ఆకుకు నూనె అంటదు. కీరా, టమోటాలకు ఉప్పు తగిలిందంటే నీళ్లూరతాయి, కాబట్టి తినేముందే కలుపుకో.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. పచ్చి వెల్లుల్లి ఉత్త నూనెలో వేసి బయట పెట్టొద్దు. వాసన, రుచి మారకుండానే అందులో విషం పుట్టొచ్చు. కావాలంటే తినేరోజు దంచి వేసుకో. పెరుగు కలిపింది ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికల్లా అయిపోవాలి. ఆవకాయది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులుంటుంది. ఫ్రిజ్‌లో చెనక్కాయల నూనె గడ్డకడితే పాడైందనుకోకు, కాసేపు బయట ఉంచి మళ్లీ కుదుపు.

ఆదివారం మీ పెదనాన్న తిరుపతి వస్తారు. గానుగలో ఆడించిన నూనె ఒక లీటరు పంపిస్తాను.

మీ పెద్దమ్మ,
చిత్తూరు