హార్మోనియంలో గాంధారం ఎందుకు గుచ్చుకుంటది?

ప్రశ్న: భజనలో తంబురాకి పాడితే అంతర గాంధారం (సరిగమల్లో పెద్ద గ) హాయిగా ఉంటది, హార్మోనియం కలిపితే తేడా కొడతది. పెట్టె పాడయిందా సార్? - ఓ పాఠకుడు, కందుకూరు

జవాబు: పెట్టె బాగానే ఉందండీ. హార్మోనియంలో స్థాయిని (కింది స నుంచి పై స దాకా) 12 సమాన భాగాలు చేసి ఒక్కో మెట్టుకి 100 సెంట్లు (స్వరాల మధ్య ఎడానికి కొలత) ఇస్తారు, అందుకే స నుంచి నాలుగో మెట్టయిన గాంధారం 400 దగ్గర పలుకుద్ది, కానీ తంబురాలో కలిసిపోయే గాంధారం కంపనాలు స కంపనాలకి 5:4 నిష్పత్తిలో ఉంటాయి, అంటే దాదాపు 386 సెంట్లే, ఆ 14 సెంట్లే మీ చెవికి గుచ్చుకునేది. పంచమానికైతే తేడా 2 సెంట్లే, మామూలు చెవి పట్టలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించడానికి ఇలాంటి అభ్యంతరం కూడా ఒక కారణం. రీడుని (గాలికి ఊగి పలికే లోహపు రేకు) బిగించిన వైపు కొంచెం గీకితే స్వరం దిగుద్ది గానీ అప్పుడది ఆ ఒక్క శ్రుతికే (స పెట్టుకునే చోటు) సరిపోద్ది, పాడేవాళ్లు శ్రుతి మారిస్తే మళ్లీ గోలే. గీకించొద్దు, ఆలాపనలో స, ప మాత్రం నొక్కిపట్టి గాంధారాన్ని గొంతుకే వదిలేయండి.